పదహారు వందల వాక్యాలు

ఫిబ్రవరి 24, సోమవారం

పద్దెనిమిది రోజుల తర్వాత ఇంటికొచ్చాను. మూడో మెట్టు దగ్గరే ఆయాసం వచ్చేసింది. ఇప్పుడు ఊపిరి ముక్కులోంచి కాదు, మెడ కింద పెట్టిన కన్నంలోంచి. నాకింకా అలవాటు కాలేదు. వెనకాల ఆయన సంచులు మోస్తూ "నెమ్మది, నెమ్మది" అంటున్నారు. "నేను నెమ్మదిగానే ఉన్నాను, మీరే నా మడమలు తొక్కుతున్నారు" అందామని నోరు తెరిచాను. పెదాలు కదిలాయి. అంతే.

ఇకపై నా మాటలన్నీ పలక మీదే. పలక మీద రాసింది ఎవరో ఒకరు చదవాలి, చదివాక చెరిపెయ్యాలి. ఇందులో రాసింది ఎవరూ చదవక్కర్లేదు. అందుకే ఈ నోటుబుక్కు.

గడ్డ మొత్తం తీసేశాం అన్నారు డాక్టరు. దానితోపాటు స్వరపేటిక కూడా. బతికున్నాను. రాత్రి డ్యూటీ నర్సు తల దువ్వి జడ వేసి పంపింది, అడక్కుండానే. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది, అంటే ఆయన ఈ పద్దెనిమిది రోజులూ ఒక్క జాకెట్టు కూడా కుట్టలేదన్నమాట. ఇవాళ్టికి ఇంతమందికి రుణపడ్డాను, చాలు.

ఫిబ్రవరి 26

కంప్యూటర్ ఆన్ కాలేదు.

బటన్ నొక్కాను. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను. గట్టిగా నొక్కితే వస్తుందేమోనని గట్టిగా కూడా నొక్కాను.

ఫిబ్రవరి 27

పెద్ద విషయమేం కాదు. పాతది. పదేళ్ళు చేసింది పాపం.

ఆయన పొద్దుటి నుంచీ దాని చుట్టూనే తిరిగారు. ప్లగ్గు మార్చారు, ఇస్త్రీపెట్టె వైరు తీసుకొచ్చి పెట్టబోయారు (అది పట్టదు), చివరికి పక్కింటివాళ్ళ కంప్యూటర్ వైరు అడిగి తెచ్చి పెట్టారు. అప్పుడు లైటు వెలిగింది! ఫ్యాను నాలుగు చుట్లు తిరిగింది, ఆగిపోయింది. మళ్ళీ నొక్కితే మూడు చుట్లు. ఆ తర్వాత అదీ లేదు. "లైటొచ్చిందంటే ప్రాణం ఉన్నట్టే" అని తలూపారు ఆయన. డాక్టరు నా గురించి చెప్పినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే తలూపారు.

ఇక్కడైనా ఉన్నదున్నట్టు రాసుకోవాలి కదా.

ఇరవై ఆరేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్నాను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో, ఎంత ఆలస్యమో చెప్పడం నా పని. ఆపరేషన్ తప్పదని తేలిన రోజున ఆస్పత్రిలో స్పీచ్ మేడమ్ ఓ దారి చెప్పింది. పదహారు వందల వాక్యాలు చదివి రికార్డు చేసిస్తే వాటితో నా గొంతును తయారుచేసి ఫోనులో పెడతారట. నేను టైపు చేస్తే అది నా గొంతుతో పలుకుతుందట. రెండు నెలలు చదివాను, గొంతు మండుతున్నా మంచినీళ్ళు తాగుతూ చదివాను. ఆఖరి వాక్యం చదివింది ఆస్పత్రిలో చేరే ముందురోజు సాయంత్రం. "ఎప్పటికప్పుడు ఇంకోచోట కాపీ చేసి పెట్టండి" అని మేడమ్ నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ తలూపాను.

కాపీ లేదు. ఉన్నదంతా ఆ పెట్టెలోనే.

ఫిబ్రవరి 28

పలక చాలు. పలక కూడా లేకుండా ఎంతమంది బతకడం లేదు?

మార్చి 1

పలక చాలు.

"చిన్నోణ్ణి అడగనా?" అన్నారు ఆయన, మిషను మీంచి తలెత్తకుండా. చిన్నోడంటే మా మరిది. ఆ కంప్యూటర్ ముక్కా ముక్కా కొనుక్కొచ్చి బిగించింది అతనే. పలక మీద పెద్ద అక్షరాలతో 'వద్దు' అని రాసి చూపించాను. ఆయన చూసి, సూదిలో దారం ఎక్కించుకున్నారు.

ఆరేళ్ళయింది అతను మా గడప తొక్కి. తనంతట తనే రావడం మానేశాడు. ఏదో చిన్న మాట అన్నానని.

మార్చి 3

బజారులో కంప్యూటర్ షాపుకి తీసుకెళ్ళాం. పెట్టెని ఆయన పసిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చున్నారు.

షాపతను మంచివాడే. మూత తీసి బూరతో ఊదితే పదేళ్ళ దుమ్ము లేచింది. నేను మెడ మీది గుడ్డ అడ్డం పట్టుకుని బయటికి పరుగెత్తాను, దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది కదా ఇప్పుడు. అతను కంగారుపడి బూర కింద పెట్టేసి, ఆ తర్వాతంతా చిన్న బ్రష్షుతోనే తుడిచాడు. మెమరీ కార్డు తీసి తనది పెట్టాడు. పెట్టె ఈసారి ఆగిపోలేదు. స్క్రీను మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

అంతలో లోపల్నించి టిక్, టిక్, టిక్ అని చప్పుడు. అక్షరాలు పోయి ఒకటే లైను మిగిలింది. డిస్కు లేదని చెప్పే లైను.

"డిస్కు పోయిందమ్మా" అన్నాడు షాపతను. "బోర్డు కూడా వయసైపోయింది. కొత్తది తీసుకోండి, హాయిగా ఉంటుంది." మాట్లాడుతూనే నాలుగు స్క్రూలు విప్పి, డిస్కు బయటికి లాగి, కాలి దగ్గరున్న తుక్కు అట్టపెట్టె మీదికి చెయ్యి చాచాడు.

ఆగు అని అరిచాను.

అరవలేదు. నోరు తెరిచాను. మెడలోంచి గాలి బుస్సుమంది. ఆయనేమో అటు తిరిగి కుర్చీ కోసం చూస్తున్నారు. షాపతను వేళ్ళు వదులవుతున్నాయి. ముందుకు పడి అతని మణికట్టు రెండు చేతులా పట్టేసుకున్నాను. బల్ల మీది స్క్రూలన్నీ చెల్లాచెదురయ్యాయి. అతను బిత్తరపోయి చూశాడు. నేను డిస్కు లాక్కుని గుండెకి అదుముకుని కూర్చున్నాను, అక్కడే, నేల మీద.

ఆయన విషయం చెప్పారు. షాపతను మంచినీళ్ళు తెచ్చిచ్చి, డిస్కుని మెత్తటి స్పాంజి గుడ్డలో చుట్టి, దాన్ని ఓ చిన్న డబ్బాలో పెట్టి, డబ్బా మీద 'కింద పడెయ్యొద్దు' అని తన చేత్తో రాశాడు. "నా చేతకాదమ్మా. చేతనైనవాళ్ళు ఎవరైనా ఉంటారు. అప్పటిదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి" అన్నాడు. మెకానిక్ నోటివెంట 'నా చేతకాదు' అనే మాట రావడం ఎంత అరుదో! అతనికి వంద దణ్ణాలు.

మార్చి 4

స్పీచ్ మేడమ్ దగ్గరికి వెళ్ళాం. తిడుతుందనుకున్నాను. "మీరు రికార్డు చేస్తున్నప్పుడే వారం వారం నేను కాపీ తీసుకోవాల్సింది. తప్పు నాదే" అంది. తప్పు తనదెలా అవుతుంది? కానీ ఆ మాట అంటున్నప్పుడు కళ్ళు నిండాయి ఆ పిల్లకి. నాకు ఊరటగా అనిపించింది, పాపం.

'పాత గొంతు ఎందుకు, ఫోనులో ఏదో ఒక ఆడగొంతు పెట్టండి' అని రాశాను. పెట్టి వినిపించింది. చక్కటి గొంతే, స్పష్టంగా ఉంది. ఎవరో పెద్దింటి అమ్మాయి మా ఇంట్లో అద్దెకి దిగినట్టుంది. ఆయన వినడం ఇష్టంలేనట్టు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు.

మార్చి 5

మధ్యాహ్నం అన్నం తింటూ ఆయన చెప్పారు.

ఈ ఆరేళ్ళూ ప్రతి ఆదివారం సైకిలు వేసుకుని దారం కొనడానికని వెళ్తారే, చిన్నోడికి ఫోను చెయ్యడానికట. అన్నదమ్ములు అరగంట మాట్లాడుకుంటారట. ఇంట్లో మాట్లాడితే నేను బాధపడతానని. ఆ బీరువాలో దారపు ఉండలు ఎందుకలా పేరుకుపోయాయో ఇప్పుడర్థమైంది.

ఇంకోటి. ఆపరేషన్ రోజున చిన్నోడు వచ్చాడట. మూడు గంటలు బస్సులో వచ్చి, కింద మందుల కొట్టు ముందు బెంచీ మీద తొమ్మిది గంటలు కూర్చున్నాడట. నన్ను వార్డులోకి తెచ్చారని చెప్పాక, "వదినకి తెలివొచ్చేసరికి నేను ఎదురుగా ఉంటే బావుండదు" అని వెళ్ళిపోయాడట.

అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

చిన్న మాట అని రాశాను కదా పైన. చిన్న మాట కాదు.

అప్పుడతని షాపు మూతపడింది. భార్య వెళ్ళిపోయింది. మా ఇంట్లో రెండు నెలలున్నాడు. ఊరికే కూర్చోలేక అదీ ఇదీ బాగుచేస్తుండేవాడు. ఓ రోజు భోజనాలవేళ, నా అక్కచెల్లెళ్ళంతా ఉండగా, అతను బాగుచేసిన స్విచ్‌బోర్డు చిటపటమని ఫ్యూజు పోయింది. "నువ్వు చెయ్యి పెట్టింది ఒక్కటైనా నిలబడిందా? షాపు నిలబడిందా, కాపురం నిలబడిందా?" అన్నాను.

ఇలాగే అన్నాను, అక్షరం పొల్లు పోకుండా. ఎవరో నవ్వారు కూడా. స్పష్టంగా, ఆఖరి వరుసలో ఉన్నవాడికి కూడా వినపడేలా మాట్లాడటం నా ఉద్యోగం. పొద్దున లేచేసరికి అతని సంచి లేదు.

మార్చి 6

మెసేజి రాయడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. క్షమాపణతో మొదలుపెడితే కంప్యూటర్ కోసం కాకాపట్టినట్టుంది. కంప్యూటర్‌తో మొదలుపెడితే సిగ్గులేనట్టుంది. చివరికి: 'కంప్యూటర్ ఆన్ కావడం లేదు. నా గొంతు అందులో ఉండిపోయింది.'

రెండు నిమిషాల్లో జవాబు. బాగున్నావా అని కూడా లేదు.

'లైటు వెలుగుతోందా?'

ఒకసారి వెలిగి ఆగుతోంది.

'బీప్ చప్పుడు వస్తోందా? ఎన్ని?'

ఒక్కటీ లేదు.

'డిస్కు?'

షాపులో టిక్ టిక్ అంది.

'అప్పుడు డిస్కుకి కరెంటు ఎక్కణ్ణించి ఇచ్చాడు? మన పెట్టెలోంచేనా?'

'మన' పెట్టె అని రాశాడు. అవును, మన పెట్టెలోంచే అని రాశాను.

'ఇంక ఆన్ చెయ్యొద్దు. ఒక్కసారి కూడా. ఆదివారం వస్తున్నా.'

ఒక్కసారి కూడా ఆన్ చెయ్యలేదు. ఆయన్ని దాని పక్కనించి నడవనివ్వలేదు.

మార్చి 9, ఆదివారం

తొమ్మిదింటికి వచ్చాడు. జుట్టు పలచబడింది. ఇప్పుడు లిఫ్టులు బాగుచేసే పని అతనిది, చేతుల నిండా గ్రీజు మరకలు. ఓ చేతిలో పనిముట్ల సంచి, ఇంకో చేతిలో తువ్వాలులో చుట్టిన బరువైనదేదో. గడప దగ్గర ఆగాడు. నేనూ ఆగాను. ఆయన మా ఇద్దరి మధ్యా నిలబడి "కాళ్ళు కడుక్కోరా" అన్నారు. అప్పుడు కదిలాడు.

పలక మీద ముందే రాసిపెట్టుకున్నాను. 'ఆ రోజు నేనన్న మాట' దాకా రాశాను, ఆ తర్వాతది అతని ఎదురుగానే రాయాలనుకున్నాను. సుద్దముక్క తీశాను.

"వదినా, ఆ పలక ఇలా ఇవ్వు" అన్నాడు.

ఇచ్చాను. దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, పెట్టె విప్పుతూ స్క్రూలన్నీ వరసగా దాని మీద పేర్చాడు. "పలకకి అంచుంది. దొర్లిపోవు" అన్నాడు.

అలా రెండు గంటలు నా నోరు కట్టేశాడు.

కూర్చుని చూశాను. పని చేస్తూ మాట్లాడటం అతనికి మొదట్నించీ అలవాటు. "ఇదిగో వదినా, ఇది కరెంటు డబ్బా. గోడలోంచి వచ్చే కరెంటు ఇందులో సన్నబడి అన్నిటికీ వెళ్తుంది. వాసన చూడు." చూడబోయి నవ్వొచ్చింది, నా ముక్కుకిప్పుడు గాలే లేదు. అతనికి గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. "అన్నయ్యా, నువ్వు చూడు." ఆయన వాసన చూసి "మాడింది" అన్నారు.

మెమరీ కార్డు తీసి, దాని పసుపుపచ్చ అంచుని పిల్లల రబ్బరుతో రుద్ది, మళ్ళీ టక్కుమని కూర్చోబెట్టాడు. బిళ్ళంత బ్యాటరీ మార్చాడు. తర్వాత తువ్వాలు విప్పాడు. లోపల ఇంకో కరెంటు డబ్బా. కొత్తది కాదు.

"ఎక్కడిదిరా?" అన్నారు ఆయన.

"నా కంప్యూటర్లోది. విప్పుకొచ్చాను."

ముందు డిస్కు పెట్టకుండా ఆన్ చేశాడు. ఫ్యాను తిరిగింది. ఆగలేదు. ఒక్క బీప్, చిన్నది. "అదీ. అంతా బావుందని దాని భాష" అన్నాడు. ఆపి, అప్పుడు షాపతను ఇచ్చిన డబ్బా తెరిచాడు. పైనున్న రాత చదివి "ఎవరో గాని బుద్ధిమంతుడు" అన్నాడు.

"డిస్కు పోయిందో లేదో ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు వదినా. లోపల ఓ పళ్ళెం గిరగిరా తిరగాలి. కరెంటు చాలకపోతే తిరగబోయి తిరగలేక టిక్ టిక్ మంటుంది. చాలినంత ఇచ్చినా అలాగే అంటే, అప్పుడు పోయినట్టు." తీగ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. "నేను చెయ్యి పెట్టనా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. భయపడుతూ అడిగాడు. నేనన్న మాటని ఆరేళ్ళు మోసుకు తిరిగిన మనిషి, ఆ మాటన్న గొంతునే చేతిలో పెట్టుకుని అడుగుతున్నాడు.

పలక లేదు. లేచి వెళ్ళి, ఆ గ్రీజు చేతిని పట్టుకుని డిస్కు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

బటన్ నొక్కాడు. ముగ్గురం చెవులు రిక్కించాం. టిక్ అంది ఒకసారి. నా ప్రాణం పోయింది. తర్వాత సన్నగా ఓ హోరు. ఆ హోరు పెరిగి, నిలకడగా సాగింది. స్క్రీను మీద మా పాత బొమ్మలు, నేను పెట్టుకున్న గులాబీల ఫోటో, మూలన ఆయన జాకెట్ల కొలతల ఫైలు, దాని పక్కన 'గొంతు' అన్న ఫోల్డరు.

చిన్నోడు ఒక్క క్షణం కూడా వృథా చెయ్యలేదు. ముందు అన్నీ తాను తెచ్చిన రెండు పెన్‌డ్రైవుల్లోకి కాపీ చేశాడు. అవుతున్నంతసేపూ ఎవర్నీ కుర్చీ కూడా జరపనివ్వలేదు. పదహారు వందల ఫైళ్ళలో పదకొండు చెడిపోయాయట. పదకొండే!

"తెరుచుకుంటాయో లేదో చూద్దాం" అని కళ్ళు మూసుకుని ఒకదాని మీద నొక్కాడు.

"గొడుగు ఎవరు తీసుకెళ్ళారు?"

నేను. నా గొంతు. కాస్త బొంగురుగా, చివర్లో దగ్గు ఆపుకుంటూ. మిషను దగ్గర నిలబడ్డ ఆయన గోడ వైపు తిరిగిపోయారు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి విప్పాను. వెనక్కొచ్చేసరికి చిన్నోడు అదే మళ్ళీ పెట్టుకుని వింటున్నాడు. గొడుగు ఎవరు తీసుకెళ్ళారు. గొడుగు ఎవరు తీసుకెళ్ళారు.

"ఆరేళ్ళుగా ఈ గొంతు తలుచుకుంటే ఒకటే మాట వినపడేది వదినా" అన్నాడు, స్క్రీను వైపే చూస్తూ. "ఇప్పుడు ఇంకోటుంది. గొడుగు గురించి."

పలక మీది స్క్రూలన్నీ ఏరి మళ్ళీ బిగించాక పలక ఇచ్చాడు. స్క్రూల మధ్య నా రాత సగం చెరిగిపోయి ఉంది. 'ఆ రోజు' మటుకు కనిపిస్తోంది. మొత్తం చెరిపి కొత్తగా రాశాను. ఏం రాశానో ఇక్కడ రాయను. అతను చదివాడు, పలక తనే తుడిచేశాడు. "అన్నం పెడతావా? నాలుగున్నరకి బస్సు" అన్నాడు.

మూడుసార్లు పెట్టించుకున్నాడు.

మార్చి 10

అతని కరెంటు డబ్బా మా పెట్టెలోనే ఉండిపోయింది. అంటే అతని కంప్యూటర్ ఇప్పుడు ఖాళీ డొక్క. మెసేజి పెట్టాను. 'కొత్తది కొనుక్కున్నాక చెప్తాలే. అందాకా ఆదివారాలు ఖాళీ, వస్తుంటా' అని జవాబు.

మార్చి 12

పెన్‌డ్రైవు మేడమ్ చేతిలో పెట్టాం. నాలుగైదు వారాలు పడుతుందంది. నా కళ్ళముందే మూడుచోట్ల కాపీ చేసి, మూడూ చూపించింది.

దారిలో కంప్యూటర్ షాపు దగ్గర ఆగాం. డిస్కు బతికిందని చెబితే షాపతను రెండు చేతులూ జోడించాడు. "ఆ రోజు మీరు పట్టుకోకపోయుంటే" అని ఆగిపోయాడు. నేనూ అదే ఆలోచించాను, ఇంటిదాకా.

మార్చి 23

చిన్నోడు వచ్చాడు. స్విచ్‌బోర్డు బాగుచేశాడు. నిలబడింది. నేనేం అనలేదు, అనడానికేముంది, భలే హాయిగా ఉంది.

మార్చి 31

డ్యూటీలో చేరాను. మైకు గదిలో కాదు, పాసుల కౌంటరులో. మైకులో కొత్తమ్మాయి. మాటలు మింగుతుంది. మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి "మేడమ్, నాకు నేర్పుతారా?" అంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కాగితం మీద గీతలు పెట్టి ఇచ్చాను. సాయంత్రానికి ఓ బస్సు పేరు పూర్తిగా పలికింది. ప్రయాణికులకేం తెలుసు, నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ఏప్రిల్ 17

నా గొంతు పెట్టిన ఫోను చేతికొచ్చింది. మేడమ్ దగ్గర విన్నప్పుడు అంత నచ్చలేదు. నేనే, కాని జలుబు చేసిన నేను. ప్రశ్న అడిగినా కబురు చెప్పినట్టే ఉంటుంది. మేడమ్ ముందు మాత్రం బాగా నచ్చినట్టే ముఖం పెట్టాను. వాళ్ళంతా అంత కష్టపడ్డాక.

ఏప్రిల్ 18

నిన్న రాసింది తప్పు.

పొద్దున నేను పడగ్గదిలో మెడకి కట్టు మార్చుకుంటున్నాను. ముందుగదిలోంచి ఆయన గొంతు, "నా కత్తెర ఎవరు తీశారు?"

మామూలుగా అయితే ఈ మధ్య ఆయన గదిలోకొచ్చి, ఎదురుగా కూర్చుని, నిమ్మళంగా అడిగి, నేను రాసేదాకా చూస్తారు. ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఈ మనిషి నన్ను ఒక్క మాట అనలేదు. కూర మాడినా బావుందన్నారు. ఇవాళ తొందరలో మరిచిపోయినట్టున్నారు.

టైపు చేశాను. "ఇక్కడుంది" అంది నా గొంతు, గోడ అవతలికి.

"అక్కడెందుకుంది?"

"కట్టు గుడ్డ కోశాను."

"గుడ్డ సరే! ఆ ప్లాస్టరు అట్ట కూడా దాంతోనే కోశావా?"

అబద్ధం ఆడదామనుకున్నాను. అంత వేగంగా టైపు చెయ్యలేక "కోశాను" అన్నాను.

అంతే, మొదలుపెట్టారు. బట్ట కత్తెరతో అట్టలు కోస్తే పదునేమవుతుందో, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చెప్పారో, ఆ కత్తెర ఎవరు ఎంత ముచ్చటపడి ఇచ్చారో, ఈ ఇంట్లో ఒక వస్తువు ఒక చోట ఉంటుందా అని. ఎంత గట్టిగా అరిచారని! రెండు నెలలుగా దాచుకున్నదంతా కత్తెర మీద వెళ్ళబోశారు. నేను మంచం మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ వింటున్నాను. ఇంత చక్కగా నన్నెవరూ తిట్టలేదు.

ఊపిరి తీసుకోవడానికి ఆగారు. టైపు చేశాను, "అరవకండి. పక్కింటికి వినపడుతుంది."

"అరుస్తోంది నువ్వు! ఆ సౌండు తగ్గించు!"

అవతల ఆయన, ఇవతల నేను. ఇద్దరం ఏం చేస్తున్నామో ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. గోడ అవతల ఆయన నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి చేశారు.

సౌండు తగ్గించలేదు.